తామర మాత్రల్లో దేనికి "పవర్" ఎక్కువ? అపోహలు – వాస్తవాలు

"ఇది పనిచేయట్లేదు డాక్టర్ గారూ, ఇంకాస్త పవర్ ఉన్నది రాయండి." చర్మవ్యాధుల ఓపీలో ఈ మాట వినని రోజు ఉండదు. గజ్జల్లోనో నడుము చుట్టూనో మొదలైన తామర నెలల తరబడి పాకుతుంటుంది, రాత్రిళ్లు నిద్ర ఉండదు, నలుగురిలో గోక్కోలేక సిగ్గు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది. అర్థం కానిదల్లా ఈ "పవర్" లెక్క ఎవరు నేర్పారన్నదే.

అపోహ: ఎంజీ ఎక్కువుంటే మందు గట్టిది

టెర్బినాఫిన్ 250, ఫ్లూకొనజోల్ 150, ఇట్రాకొనజోల్ 100 లేదా 200. వేర్వేరు మందుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఈ మూడూ ఫంగస్ తన పొర కోసం చేసుకునే ఎర్గోస్టెరాల్‌నే అడ్డుకుంటాయి, కాకపోతే వేర్వేరు దశల్లో. టెర్బినాఫిన్ తామర ఫంగస్‌ను చంపుతుంది, మిగతా రెండూ ఎక్కువగా దాని ఎదుగుదలను ఆపుతాయి. అందుకే చాలాకాలం టెర్బినాఫిన్‌దే పైచేయి. రోజుకో మాత్ర, రెండు నుంచి నాలుగు వారాలు, అంతే. ఇప్పుడు ఆ మందు పట్టుకునే ఎంజైమే మారిపోయిన ఫంగస్ రకాలు వచ్చాయి. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టింది అలాంటి రకానికే. అది టెర్బినాఫిన్‌కు చాలాసార్లు లొంగదు, అక్కడ ఇట్రాకొనజోల్ నయం. ఏది గట్టిదన్నది ఒంటి మీదున్న ఫంగస్‌ను బట్టి తేలుతుంది, స్ట్రిప్పు మీది అంకెను బట్టి కాదు.

ఇదంతా పక్కనపెట్టినా, మాత్ర మార్చమని వచ్చేవాళ్లలో చాలామంది విషయంలో తేడా మందులో ఉండదు, వాడే తీరులో ఉంటుంది. ఆ మధ్య ఒకాయన రకరకాల స్ట్రిప్పులు టేబుల్ మీద పరిచి "ఇన్ని వాడాను, ఒక్కటీ పట్టలేదు" అన్నారు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగాను. "పొద్దున్నే పరగడుపునండీ, గ్యాస్ మాత్రతో కలిపి. రెండూ ఒకేసారి అయిపోతాయి కదా."

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి, కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర తగ్గించేది ఆ ఆమ్లాన్నే. అంటే ఆయన కొన్న మందులో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోయింది. ఎసిడిటీ మందు మానలేనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వేరే దారి చూస్తాం. టెర్బినాఫిన్‌కు ఈ గొడవ లేదు, తిన్నా తినకపోయినా ఒకటే.

లేవబోతుంటే పక్కనున్న ఆయన భార్య "ఆ ట్యూబు కూడా చూపించండి" అంది. అనుకున్నదే, స్టిరాయిడ్ కలిసిన క్రీము. పూసిన రెండో రోజుకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. పక్కన ఆ ట్యూబు నడుస్తుంటే ఏ మాత్ర వేసుకున్నా ఏం లాభం? ఎవరో చెప్పారని, ఫలానా వాళ్లకు తగ్గిందని దాన్ని పూసుకోకండి, దయచేసి.

దురద తగ్గగానే మాత్రలు ఆపేయడం ఇంకో తలనొప్పి. దురద వారంలోనే తగ్గొచ్చు, చర్మం పైపొరలో ఫంగస్ ఇంకా మిగిలే ఉంటుంది. కోర్సు మధ్యలో ఆపి, తిరగబెట్టాక "మందు పనిచేయలేదు" అంటే మందేం చేస్తుంది?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఒక్క ఫ్లూకొనజోల్ మాత్రతో పోతుంది." ఆ ఒక్క డోసు లెక్క యోనిలో వచ్చే క్యాండిడా అనే వేరే ఫంగస్ ఇన్ఫెక్షన్‌ది. తామరకు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వాడాలి, అయినా పై రెండింటి తర్వాతే దాని స్థానం.

"శోభికీ తామర మాత్రే." శోభి ఫంగస్ వేరు. టెర్బినాఫిన్ క్రీము దానికి పనిచేస్తుంది గానీ మాత్ర పనిచేయదు.

"ఈ మాత్రలు లివర్‌ను తినేస్తాయి." లివర్ దెబ్బతినడం అరుదు, అసలు జరగదని మాత్రం అనను. ముందే లివర్ జబ్బు ఉన్నా, మద్యం అలవాటున్నా చెప్పండి, రక్తపరీక్ష చేయించి మొదలుపెడతాం. ఆకలి చచ్చిపోయి వాంతులవుతున్నా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా మాత్ర ఆపి వెంటనే రండి. టెర్బినాఫిన్‌తో కొందరికి నోటి రుచి పోతుంది, అదీ చెప్పాలి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు తామర కోసం ఇట్రాకొనజోల్ ఇవ్వం. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతుంటే దాంతో ఇట్రాకొనజోల్ కలపకూడదు. గర్భిణులు ఈ మాత్రల జోలికి సొంతంగా వెళ్లకూడదు, వాళ్లకు మొదట పూతమందులే.

కీటోకొనజోల్ మాత్రల పాత స్ట్రిప్పు ఇంట్లో ఉంటే తామరకు వాడకండి. లివర్‌కు చేసే హాని కారణంగానే 2013లో యూరప్ ఔషధ సంస్థ ఆ మాత్రల అమ్మకం నిలిపివేయమంది, అమెరికా ఎఫ్‌డీఏ వాటి వాడకాన్ని బాగా కట్టడి చేసింది. కీటోకొనజోల్ క్రీము, షాంపూలకు ఈ భయం వర్తించదు, అవి ఎప్పటిలాగే వాడుకోవచ్చు.