డాబా మీద యాంటెన్నా: మొబైల్ సిగ్నళ్లపై కన్నేయడం వెనక కథ

ఇంజనీరింగ్ చదివే కుర్రాడెవరైనా విశాఖలో ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో డాబా మీద లాప్‌టాప్ పెట్టుకుని, పక్కన జానెడు యాంటెన్నా నిలబెడితే ఇరుగుపొరుగుకి రెండు అనుమానాలొస్తాయి. మన ఫోన్లు వింటున్నాడా? నేవీ ఉన్న ఊళ్లో ఇలాంటివి చేయొచ్చా? రెండూ తీసిపారేయాల్సినవి కావు. జవాబు తెలియాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు రేడియో అంటే ఒక పనికి ఒక పెట్టె. ఏ రకం సిగ్నల్ పట్టాలన్నా దానికి తగ్గ సర్క్యూట్ లోపల ఉండాల్సిందే. అలా కాకుండా గాల్లోని తరంగాన్ని ముందే అంకెలుగా మార్చేసి, మిగతా పనంతా కంప్యూటర్‌కి వదిలేయొచ్చన్న ఆలోచనని 1990ల మొదట్లో అమెరికా ఇంజనీర్ జోసెఫ్ మిటోలా 'సాఫ్ట్‌వేర్ రేడియో' పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. 2001లో గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలైంది. దానికి జోడీగా సిగ్నల్‌ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి అందించే, మాట్ ఎటస్ తయారుచేసిన యూఎస్‌ఆర్‌పీ పెట్టె వచ్చింది గానీ, సొంత జేబులోంచి డబ్బు పెట్టే విద్యార్థికి అది అందని ద్రాక్షే.

కథ మలుపు తిరిగింది 2012లో. లాప్‌టాప్‌లో టీవీ చూడటానికి అమ్మే, యూఎస్‌బీలో గుచ్చుకునే చవక డాంగిల్స్‌లో రియల్‌టెక్ వాళ్ల ఆర్‌టీఎల్2832యూ అనే చిప్ ఉండేది. ఎఫ్ఎం వినిపించాల్సి వచ్చినప్పుడు ఆ చిప్ పనంతా తను చేయకుండా, ముడి శాంపిళ్లని, అంటే సిగ్నల్‌ని కొలిచిన అంకెలని, కంప్యూటర్‌కి తోసేస్తోందని ఫిన్లాండ్‌కి చెందిన ఆంటీ పలోసారి గమనించాడు. మొబైల్ వ్యవస్థలకి ఉచిత సాఫ్ట్‌వేర్ రాసే ఆస్మోకామ్ బృందం దానికీ సాఫ్ట్‌వేర్ రాసింది. టీవీ కోసం చేసిన వస్తువు కాస్తా 24 మెగాహెర్ట్జ్ నుంచి ఇంచుమించు 1,700 మెగాహెర్ట్జ్ దాకా వినగలిగే రేడియో అయి కూర్చుంది.

దీన్ని మొబైల్ టవర్ల వైపు తిప్పితే ఏం కనిపిస్తుంది? 900 బ్యాండ్‌లో 2జీ టవర్లు ఫోన్లకి పంపేది 935, 960 మెగాహెర్ట్జ్‌ల మధ్య. తెర మీద 200 కిలోహెర్ట్జ్ వెడల్పు దిబ్బలు వరసగా లేస్తాయి. కొన్ని వస్తూ పోతూ ఉంటాయి, కొన్ని మాత్రం కదలవు, మెదలవు. చూడాల్సింది ఆ కదలనివాటినే. ప్రతి సెల్ (టవర్ కవర్ చేసే ఒక్కో భాగం) తన ఉనికిని చాటుకునే కారియర్, అంటే సమాచారాన్ని మోసే తరంగం అది, అర్ధరాత్రి ఒక్క కాల్ లేకపోయినా పూర్తి పవర్‌తో నడుస్తూనే ఉంటుంది. విప్పితే 404-49 లాంటి అంకెలొస్తాయి. 404 మన దేశానిది, 49 ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఎయిర్‌టెల్‌ది. 73 కనిపిస్తే బీఎస్ఎన్ఎల్. ఆ వెనకే ఏరియా కోడ్, సెల్ నంబరు, చుట్టుపక్కల సెల్స్ ఏ ఛానెళ్లలో ఉన్నాయో ఆ జాబితా. ఇందులో ఎవరి మాటా ఉండదు, ఎవరి మెసేజీ ఉండదు. సిమ్ లేని ఫోన్‌తో సహా అందరూ వినడానికి వేసే దండోరా ఇది.

ఇందులో ఒక తమాషా ఉంది. చవక డాంగిల్‌లో ఫ్రీక్వెన్సీకి కొలబద్దలా పనిచేసే క్రిస్టల్ సరిగ్గా ఉండదు, వేడెక్కితే ఇంకాస్త జరుగుతుంది. 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తేడా అంటే 940 మెగాహెర్ట్జ్ దగ్గర 47 కిలోహెర్ట్జ్ పక్కకి పోయినట్టే. టవర్ మాత్రం 0.05 పీపీఎం లోపలే ఉండాలని ప్రమాణం. అందుకని కాలిబ్రేట్ అనే చిన్న ప్రోగ్రామ్ టవర్‌ని చూసే డాంగిల్ తప్పు సరిదిద్దుతుంది.

మరి వింటారన్న భయం ఎక్కడ పుట్టింది? 2జీలోనే పుట్టింది. 1980ల్లో రూపుదిద్దుకున్న ఆ వ్యవస్థలో టవర్ ఫోన్‌ని నువ్వెవరని నిలదీస్తుంది. ఫోన్ మాత్రం టవర్‌ని ఆ ప్రశ్న అడగదు. మాటలకి వేసిన ఏ5/1 అనే ఎన్‌క్రిప్షన్ తాళం కూడా గట్టిది కాదు. ముందే లెక్కగట్టి పెట్టుకున్న పట్టికలతో దాన్ని తెరవొచ్చని 2009 డిసెంబరులో బెర్లిన్‌లో కార్స్టెన్ నోల్ అనే భద్రతా పరిశోధకుడు చెప్పాడు. 2010లో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో పాజెట్ అనే భద్రతా నిపుణురాలు దాదాపు 1,500 డాలర్ల సామాన్లతో నకిలీ టవర్ నడిపి, ఫోన్లు దాన్ని నమ్మి ఎలా చేరతాయో చూపించారు. ఇక్కడొక తేడా పట్టుకోవాలి. నకిలీ టవర్‌ సిగ్నల్ పంపాలి. టీవీ డాంగిల్‌కి ఆ శక్తే లేదు, అది చెవి మాత్రమే. హ్యాక్ఆర్ఎఫ్ లాంటి పరికరాలు వినడం, పంపడం రెండూ చేయగలవు, కాబట్టి వాటి సంగతి వేరు.

చట్టం దగ్గరికొస్తే, పాతతరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఇంట్లో రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాల్సొచ్చేది. దాని వెనకున్నది 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. 1885 టెలిగ్రాఫ్ చట్టంతో పాటు దాన్నీ పక్కకి పెట్టేందుకు 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చారు. అందులోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఎవరి సందేశాన్నైనా చట్టవిరుద్ధంగా మధ్యలో పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడానికి అనుమతి ఉండాలన్న మాట కొత్త చట్టంలోనూ ఉంది. కాబట్టి సిగ్నల్ బలం చూసుకోవడం, అవతలివాళ్ల మెసేజీలు విప్పబోవడం ఒకే లాప్‌టాప్ మీద జరిగినా ఒకటి కావు. ఇక తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్లో మొబైల్ బ్యాండ్లు దాటి కుతూహలం చూపకపోవడమే మంచిది. అది పిరికితనం కాదు, లోకజ్ఞానం.

ఇన్ని టెన్షన్లుంటే ఎందుకీ పని అనొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడినప్పుడు కరెంటు పోయి, టవర్లు ఆగిపోయి, అయినవాళ్లు ఎలా ఉన్నారో తెలియక జనం పడ్డ అవస్థ ఈ ఊరు మరిచిపోలేదు. అలాంటి రోజున ఏ కంపెనీ ఏ సెల్ బతికుందో బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్ చెప్పగలదు. ఎప్పుడూ ఆగని కారియర్ ఆగిందంటే అదే సమాచారం. మామూలు రోజుల్లోనూ, కొండ మలుపు తిరగ్గానే కాల్ ఎందుకు కట్ అవుతోందో తెర మీద చూడొచ్చు. కానీ టవర్ రేడియేషన్ మీద గొడవకి దీన్ని సాక్ష్యంగా తీసుకెళ్తే మాత్రం నిలబడదు. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి 900 మెగాహెర్ట్జ్ దగ్గర పరిమితి చదరపు మీటరుకి 0.45 వాట్లు, అంటే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. ఆ లెక్క తేల్చేది క్రమాంకనం చేసిన మీటరే. డాంగిల్ చూపించేది ఎక్కువ తక్కువలే.

డాంగిల్ ఒకేసారి పట్టేది 2.4 మెగాహెర్ట్జ్. 4జీ సిగ్నల్ 20 దాకా ఉంటుంది. అయినా మధ్యలోని ఒక్క మెగాహెర్ట్జ్ పైచిలుకు ముక్కలో గుర్తింపు సంకేతాలుంటాయి కనుక సెల్ ఉందని తెలుస్తుంది, అంతకుమించి కాదు. 2022 డిసెంబరులో విశాఖకి వచ్చిన 5జీలో 3,300 మెగాహెర్ట్జ్ పైన నడిచే భాగం దానికి అసలు అందదు. 5జీ ప్రమాణం వినియోగదారుడి శాశ్వత గుర్తింపు సంఖ్యని కూడా గాల్లోకి వదిలేముందే దాచే ఏర్పాటు చేసింది. ఫోన్ టవర్‌ని నిలదీయని పాత లొసుగు 2జీతోనే మిగిలింది. ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్ల సెట్టింగ్స్‌లో 2జీని ఆపేసే మీట ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో 2జీ మాత్రమే పట్టే బటన్ ఫోన్ మీదే బేరాలాడుకునే వాళ్లకి మాత్రం 2జీ ఆపేస్తే ఫోనే ఆగిపోతుంది.