పాత ట్రాక్టర్ టైమింగ్: అపోహలు - వాస్తవాలు

దమ్ము సీజన్ దగ్గర పడితే షెడ్డుకొచ్చే పాత బళ్లలో చాలావాటిది ఒకటే కంప్లైంట్: "లోడు లాగట్లేదన్నా, టైమింగ్ పోయినట్టుంది."

అపోహ: పాత స్కూటరుకి పాయింట్ సెట్ చేసినట్టే ట్రాక్టరుకీ చేయాలి.
వాస్తవం: మన పొలాల్లో తిరిగేవి డీజిల్ ఇంజిన్లు. వీటికి నిప్పురవ్వ కొట్టే స్పార్క్ ప్లగ్గూ లేదు, ఆ రవ్వ ఎప్పుడు పడాలో చూసే పాయింటూ లేదు. పిస్టన్ నొక్కిన గాలి బాగా కాగి ఉంటుంది, దాని మీద నాజిల్ డీజిల్ కొట్టగానే అంటుకుంటుంది. ఇక్కడ టైమింగ్ అంటే పంపు డీజిల్‌ని ఎప్పుడు తోస్తుందన్నదే.

అపోహ: టైమింగ్ దానంతటదే జారిపోతుంది.
వాస్తవం: పంపు గేరు మీద తిరుగుతుంది. నట్లు వదులైతేనో, ఎవరైనా విప్పి గుర్తులు చూడకుండా బిగిస్తేనో తప్ప ఉన్నట్టుండి మారదు. ఏళ్ల తరబడి పంపు లోపలి క్యామ్, టాపెట్ అరిగితే కొంచెం కొంచెంగా లేటవుతుంది, అంతే. లోడు లాగకపోతే ముందు ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పండి. అడుగున నూనె బురదలా గడ్డకట్టిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత డీజిల్ ఫిల్టర్, లైన్లో గాలి, నాజిళ్లు. పంపు జోలికి చివర్లో వెళ్లాలి.

అపోహ: కాస్త అడ్వాన్స్ పెడితే, అంటే డీజిల్ ఇంకాస్త ముందే కొట్టేలా చేస్తే, పికప్ పెరుగుతుంది.
వాస్తవం: పెరిగేది శబ్దం. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురు తంతుంది. నాకింగ్ (టకటకమని కొట్టుకునే శబ్దం) వస్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి తంతుంది. మరీ లేటైతే చల్లటి ఇంజిన్ తెల్లపొగ వదులుతుంది, లోడు మీద సైలెన్సర్ కాలిపోతుంది.

అపోహ: అనుభవమున్న మేస్త్రి చెవితో విని పెట్టేస్తాడు.
వాస్తవం: నాకిది అస్సలు నచ్చని మాట. చెవికి తేడా తెలుస్తుంది, డిగ్రీ తెలియదు. లైన్ పంపుకైతే (ఒక్కో సిలిండరుకి ఒక్కో ప్లంజర్ వరసగా ఉండేది) పద్ధతి ఇది. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్‌లోకి, అంటే పిస్టన్ గాలిని నొక్కే స్ట్రోకులోకి, తేవాలి. ఫ్లైవీల్ గుర్తు ఒక్కటే చూస్తే సరిపోదు, నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఆ గుర్తు రెండుసార్లు వస్తుంది. ఒకటో సిలిండర్ వాల్వుల్ని నొక్కే రాకర్లు రెండూ వదులుగా ఉన్నాయో లేదో చేత్తో కదిపి చూడండి. పంపులో ఆ సిలిండర్ డెలివరీ వాల్వు, స్ప్రింగు తీసి, హోల్డర్ తిరిగి బిగించి, వంపు గొట్టం పెట్టండి. యాక్సిలరేటర్ ఫుల్లో ఉంచండి. డీజిల్ లైన్లోని చేతిపంపు కొడితే డీజిల్ ధారగా కారుతుంది. ఇప్పుడు ఇంజిన్ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పుతుంటే ధార సన్నబడి చుక్కలవుతుంది. సరిగ్గా అక్కడ ఆపి, ఫ్లైవీల్ మీది డిగ్రీని కంపెనీ పుస్తకంతో పోల్చాలి. దాటిపోతే పావు చుట్టు వెనక్కి తెచ్చి మళ్లీ రండి, లేకపోతే గేరు పళ్ల సందు వల్ల లెక్క తప్పుతుంది. తేడా ఉంటే నట్లు వదులు చేసి పంపు బాడీని తిప్పాలి: షాఫ్టు తిరిగే దిక్కుకి ఎదురు తిప్పితే అడ్వాన్స్. పంపు ఇంజిన్లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి అక్కడ ఒక డిగ్రీ అంటే క్రాంకు దగ్గర రెండు.

రోటరీ పంపుకి (ఒకే తిరిగే భాగం అన్ని సిలిండర్లకీ డీజిల్ పంచేది) ఈ పద్ధతి పనికిరాదు, దానికి గుర్తులు కలపడమే.

అపోహ: పంపు రూములో క్యాలిబ్రేషన్ చేయించాం, టైమింగ్ కూడా అయిపోయింది.
వాస్తవం: అక్కడ చూసేది ఏ సిలిండరుకి ఎంత డీజిల్ వెళ్తోందన్నది. ఇంజిన్ మీద పంపు ఎలా కూర్చుందో ఆ బెంచీకి తెలియదు. బిగించాక పైన చెప్పినట్టు చూసుకోవాల్సిందే. గాలి తీసేటప్పుడు మాత్రం నాజిల్ ముందు చెయ్యి పెట్టకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.