చెక్క షికంజాలు: అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక కుర్రాడు ఉప్పల్‌లోని మా షెడ్డుకు వచ్చాడు. ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాల్లో చెక్కపని నేర్చుకుంటున్నాడు. బల్ల మీద జిగురు పెట్టి బిగించిన టేకు పలకలను, వాటిని పట్టి ఉంచిన నా చెక్క క్లాంపులను కాసేపు చూసి, "అన్నా, ఇవి ఆగుతాయా? నేనైతే ఇనపవి కొన్నాకే పని మొదలుపెడదామనుకుంటున్న" అన్నాడు. క్లాంపును మా మేస్త్రీలు షికంజా అంటారు. పదిహేనేళ్లుగా వీటిని చేసుకుంటూ, విరగ్గొట్టుకుంటూ వస్తున్నాను. అతనికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చెక్కకు ఇనుమంత బలం ఎక్కడిది?

నొక్కే బలం మరలో ఉంటుంది. 12 మిల్లీమీటర్ల మామూలు త్రెడ్ రాడ్డు (పొడుగునా మర ఉన్న ఇనప కడ్డీ) ఒక చుట్టు తిరిగితే దవడ, అంటే పనిముక్కను నొక్కిపట్టే చెక్క, జరిగేది 1.75 మిల్లీమీటర్లే. అంత మెల్లగా జరుగుతుంది కాబట్టే, పిడికిట్లో పట్టే చెక్క పిడిని గట్టిగా తిప్పితే చాలు, రాడ్డు 100 కిలోల పైమాటే లాగుతుంది. దానికి వంగకుండా, చీలకుండా నిలబడితే చెక్క తన పని చేసినట్టే.

అయితే రెండు రాడ్ల క్లాంపులో ఈ బలమంతా కొసకు చేరదు. నేను చేసుకునే దవడ పొడవు 240 మిల్లీమీటర్లు. వెనక చివరి నుంచి కొలిస్తే ఒక రాడ్డు 20 దగ్గర, ఇంకోటి 120 దగ్గర ఉంటాయి. ముందుది దవడలను దగ్గరకు లాగుతుంది. వెనకది ఎదుటి దవడలోని చిన్న గుంటలో ఆని విడదీస్తూ నెడుతుంది. ఏతం లెక్కే ఇది: వెనక రాడ్డు నుంచి కొసకు 220, ముందు రాడ్డుకు 100. ముందు రాడ్డు 100 కిలోలు లాగితే కొసకు అందేది 45 కిలోలు. చిత్రిక సరిగ్గా పట్టిన అంచులు కలవడానికి అది చాలు. అప్పటికీ సందు కనిపిస్తుంటే విప్పేసి, మళ్లీ చిత్రిక పట్టుకోవడం మేలు.

చాలామంది తప్పేది నట్టు దగ్గర. ముందు రాడ్డు నట్టును దవడ బయటి వైపు నుంచి చెక్కలోకి దింపాలి, వెనక రాడ్డు నట్టును లోపలి వైపు నుంచి దింపాలి. అప్పుడు బిగించేకొద్దీ రెండూ చెక్కలోకే కూరుకుంటాయి. తారుమారు చేస్తే మొదటిసారి గట్టిగా తిప్పగానే నట్టు బయటికి ఊడొస్తుంది. పిడిలో మాత్రం రెండు నట్లను ఒకదానికొకటి బిగించి, ఆరల్‌డైట్ జిగురు పోసి వదిలేస్తాను.

అపోహ: ఏ ముక్కైనా పనికొస్తుంది

ముషీరాబాద్ టింబర్ డిపోల వైపు వెళ్తే చిన్న ముక్కలు దొరుకుతాయి. దవడలకు 40 మిల్లీమీటర్ల మందం టేకు గానీ, చేవ ఉన్న తుమ్మ గానీ చూసుకోండి. తుమ్మ గట్టిది, పూర్వం బండి చక్రాలు చేసింది దానితోనే. కానీ బాగా ఆరి ఉండాలి. ఒకసారి ఒక డిపోలో "పూర్తిగా ఆరింది సార్" అంటే నమ్మి తెచ్చాను. చేసిన నాలుగు దవడలూ మే నెల దాటేలోపు జిలేబీల్లా మెలితిరిగాయి. నార దవడ పొడుగునా పోవాలి, ముడి ఉండకూడదు. ముఖ్యంగా ముందు రాడ్డు బెజ్జం దగ్గర. విరిగేది అక్కడే.

క్యామ్ క్లాంపు సంగతి వేరు. మర బదులు గుండ్రటి బిళ్ల తిరిగి నొక్కే రకం ఇది, చిన్న పెట్టెలకు, ఫ్రేములకు బాగుంటుంది. ఆ బిళ్లను గట్టి చెక్కతో కోస్తే ఏదో ఒక వైపు నార అడ్డం పడి, పిడి దగ్గర పుటుక్కున విరుగుతుంది. దానికి 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డే మేలు. పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఏ వైపూ బలహీనం కాదు.

ఈ క్లాంపు దవడలో పొడుగునా ఒక రంపం కోత పెట్టి, కోత ఆగిన చోట చిన్న బెజ్జం వేయాలి. బెజ్జం లేకపోతే చీలిక ముందుకు పాకుతుంది. బిళ్ల తిరిగినప్పుడు కోత కింది పలుచటి నాలుక మాత్రమే వంగి పనిముక్కను నొక్కుతుంది. ఆ నాలుక లేకుండా బిళ్ల నేరుగా తగిలితే ముక్కను పక్కకు ఈడ్చుకుపోతుంది.

అపోహ: మైనం ఎంత రాస్తే అంత మంచిది

దవడల ముఖాలకు రాయండి, ఫెవికాల్ అంటుకోదు. రాడ్డుకూ రాయండి. క్యామ్ బిళ్ల అంచుకు మాత్రం వద్దు. అది నిలిచేది రాపిడి వల్లే. నా మొదటి బిళ్ల 50 మిల్లీమీటర్లది. ఎక్కువ దూరం నొక్కాలన్న అత్యాశతో ఇరుసు బెజ్జాన్ని నడిమధ్య నుంచి 10 మిల్లీమీటర్లు పక్కకు వేశాను. అందంగా మెరవాలని మైనం కూడా పట్టించాను. రాత్రి బిగించి వెళ్లి పొద్దున వచ్చేసరికి బిళ్ల దానంతటదే వెనక్కి తిరిగి ఉంది, పెట్టె మూత పట్టీ నేల మీద. ఇప్పుడు 50కి 4 కన్నా ఎక్కువ జరపను. దవడకు పాత తోలు ముక్క అంటిస్తాను.

అపోహ: బిగించేకొద్దీ అతుకు గట్టిపడుతుంది

అతుకు పొడుగునా జిగురు చుక్కలు చీమల బారులా బయటికొస్తే ఆగిపోండి. ఇంకా బిగిస్తే పలక పడవలా వంగుతుంది. ఒక క్లాంపు పైన, ఒకటి కింద పెట్టుకుంటూ పోతే ఆ టెన్షన్ ఉండదు. ఇంకో మాట: నల్లమద్ది, తుమ్మ లాంటి టానిన్ (వగరు పదార్థం) ఎక్కువున్న చెక్కల మీద తడి జిగురు ఉండగా ఇనుము తగిలితే నల్ల మరక పడుతుంది. చెక్క దవడతో ఆ బెడద లేదు.

అపోహ: చేసుకుంటే డబ్బు మిగులుతుంది

చిన్న ఎఫ్ క్లాంపుల (F అక్షరంలా ఉండే ఇనపవి) విషయంలో మిగలదు. మీ ఆదివారానికి వెల కడితే అసలే మిగలదు. అవి కొనుక్కోండి. లోతుగా అందే దవడలు, విచిత్రమైన కొలతలు కావాలంటేనే చేసుకోవడం లాభం. రాణిగంజ్‌లో మీటరు త్రెడ్ రాడ్డు తెచ్చి కోసుకుంటే రెండు క్లాంపులకు సరిపోతుంది.

రాడ్డు కూడా లేని రోజు కుర్చీ కాళ్ల చుట్టూ తాడు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెట్టండి. పలకలకైతే బల్లకు రెండు వైపులా పట్టీలు కొట్టి, 100 మిల్లీమీటర్ల పొడవుకు 10 ఏటవాలుగా కోసిన రెండు చెక్క చీలలను పలకకూ పట్టీకీ మధ్య ఎదురెదురుగా దిగ్గొట్టండి.

అపోహ: ఒకసారి చేస్తే జీవితాంతం వస్తాయి

మన దగ్గర వేసవిలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, వానల్లో ఉబ్బుతుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డుకు 12 బెజ్జమే వేస్తే జులైలో తిరగదు. 13 వేయండి. తోలు ముక్కలు అరుగుతాయి, దవడలు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతాయి. నేను మొదట చేసిన ఆరింటిలో ఇప్పుడు మిగిలినవి రెండు. విరిగిన నాలుగింటి రాడ్లు, నట్లు మాత్రం కొత్త దవడల్లో తిరుగుతున్నాయి.