రీడ్ ఫ్రాగ్స్: అపోహలు, వాస్తవాలు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ చుట్టుపక్కల తడి నేలల్లో రీడ్ ఫ్రాగ్స్, అంటే జమ్ములో ఉండే చిన్న కప్పల సర్వే చేయడం నా పని. ఊరికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "కప్పలు లెక్కపెడితే జీతం ఇస్తారా?" అనే. ఇస్తారు. ఇక మిగతా ప్రశ్నలు.

అపోహ: కప్పంటే బెకబెకమనాలి.
ఇవి అనవు. పెయింటెడ్ రీడ్ ఫ్రాగ్ మగది అటూఇటుగా 3 సెంటీమీటర్లు ఉంటుంది, గొంతు సంచిని బుడగలా ఉబ్బించి పొట్టి ఈల వేస్తుంది. వందలు ఒకేసారి మొదలుపెట్టాయంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. పికర్స్‌గిల్స్ రీడ్ ఫ్రాగ్ దీనికి ఉల్టా, కీచురాయిలా సన్నగా, అదీ ఆగి ఆగి. నా మొదటి సీజన్‌లో పురుగే అనుకుని నోట్‌బుక్‌లో "ఏమీ లేదు" అని రాసుకొచ్చాను.

అపోహ: ఎండలో కప్ప బతకదు.
చాలా కప్పల విషయంలో నిజమే. కానీ పశ్చిమ ఆఫ్రికా సవన్నాల్లో ఉండే హైపరోలియస్ నిటిడ్యులస్ అనే రీడ్ ఫ్రాగ్ పిల్లకప్పలు ఎండాకాలం మట్టిలోకి దూరవు. ఎండిన గడ్డిపరక మీద, నీడ కూడా లేకుండా, కాళ్ళు ఒంటికి అదుముకుని వారాల తరబడి కదలకుండా కూర్చుంటాయి. ఎండ పెరిగితే చర్మం సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది, ఎందుకంటే అందులో పేరుకున్న ప్యూరిన్ అనే పదార్థపు స్ఫటికాలు వెలుతురును వెనక్కి కొడతాయి. నాకు భలే నచ్చేది ఆ స్ఫటికాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది. మూత్రం పోస్తే నీళ్ళు పోతాయి కదా, అందుకని ఒంట్లోని నైట్రోజన్ వ్యర్థంలో కొంత ఆ స్ఫటికాలుగా మారి చర్మంలోనే చేరుతుంది.

అపోహ: రంగు వేరైతే జాతి వేరు.
కాదండీ. పెయింటెడ్ రీడ్ ఫ్రాగ్ పిల్లలు గోధుమరంగులో ఉంటాయి, ఆడవి పెద్దయ్యాక చారలు, చుక్కలు వస్తాయి, మగవి కొన్ని మారతాయి, కొన్ని అలాగే ఉండిపోతాయి. పైగా ప్రాంతాన్ని బట్టి చారలూ మారతాయి. ఫొటో పంపితే ఊరి పేరు కూడా రాయండి.

అపోహ: నీళ్ళుంటే చాలు.
పికర్స్‌గిల్స్ రీడ్ ఫ్రాగ్ డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్ రాష్ట్ర తీరం వెంట తప్ప ఎక్కడా లేదు. అది గుడ్లను నీళ్ళలో పెట్టదు, నీటికి కాస్త పైన ఆకులకు జిగురు ముద్దలా అంటిస్తుంది, తోకకప్పలు బయటికొచ్చి కింద నీళ్ళలో పడతాయి. కాబట్టి జమ్ము, తుంగ ఒత్తుగా ఉండాలి, గట్లు శుభ్రంగా చెక్కేసిన చెరువు దానికి దండగ. ఈ తీరంలో చాలా తడి నేలలను చెరుకు కోసం ఆరబెట్టేశారు. 1860 నుంచి ఆ తోటల్లోకి కూలికి వచ్చినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నేను వెళ్ళే చోట్లలో ఒకటి అలాంటి పాత తోటే, నీళ్ళు బయటికి పంపే కాలువను పూడ్చేశాక జమ్ము మళ్ళీ లేచింది. డిసెంబర్‌లో ఒక రాత్రి మోకాలి లోతు బురదలో నిలబడి, టార్చ్ ఆపేసి వింటే, ఆ జమ్ములోంచి మూడు వేర్వేరు చోట్ల ఆ సన్నని కీచు వినిపించింది.