పూజగదిలో శంఖం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

గుంటూరులో జంతుశాస్త్రం పాఠాలు చెబుతాను. మా ల్యాబు బీరువాలో శంఖాలున్నాయని తెలిసినప్పటి నుంచి తెలిసినవాళ్లు తమ ఇంటి శంఖాన్ని సంచిలో పెట్టుకుని వస్తున్నారు. వాళ్ల నోట తరచుగా వినే మాటలివి.

అపోహ: అసలైన శంఖం పాలలా తెల్లగా ఉంటుంది.

దుకాణంలో ఉంటుంది, సముద్రంలో ఉండదు. బతికున్న శంఖం గుల్ల మీద గోధుమరంగు తోలులాంటి పొర కప్పి ఉంటుంది. దాన్ని గీకి, నునుపు చేశాకే తెలుపు బయటపడుతుంది. మా బీరువాలో ఒకదాన్ని గీకకుండా అలాగే ఉంచాను. ఎండిన పొర ఉల్లిపొట్టులా లేస్తోంది, ఆ సందుల్లోంచి తెలుపు కనిపిస్తోంది. పిల్లలు మొదట దాన్ని శంఖమని నమ్మరు.

అపోహ: లోపలి జీవి వదిలేసి వెళ్లిన గుల్లనే మనం తెచ్చుకుంటాం.

గుల్ల అద్దె ఇల్లు కాదు. శంఖం ఒక సముద్రపు నత్త. గుడ్ల సంచిలోంచి పిల్ల బయటికి పాకేటప్పటికే దాని ఒంటి మీద బుల్లి గుల్ల ఉంటుంది. ఆ తర్వాత ప్రావారం అనే మెత్తటి పొర సున్నపు పదార్థాన్ని స్రవిస్తూ అంచును పెంచుకుంటూ పోతుంది. గుల్ల నడిమి స్తంభానికి జీవి కండరంతో అతుక్కుని ఉంటుంది కాబట్టి వదిలి వెళ్లడమంటే చావడమే. సూర్యలంక తీరాన ఏదైనా గుల్ల గబగబా నడిచిపోతుంటే లోపలున్నది నత్త కాదు, మెత్తటి పొట్టను దాచుకోవడానికి ఖాళీ గుల్లలో దూరిన పీత. మరి మన శంఖాలో? మంచివి చాలావరకు ఈతగాళ్లు మునిగి, ప్రాణంతో ఉండగా పట్టి తెచ్చినవే. ఈ మాట చెప్పినప్పుడు కొందరి ముఖం మారిపోతుంది. అయినా చెబుతాను.

అపోహ: అది అగాధంలో, రాళ్ల మధ్య ఉంటుంది.

మన్నార్ సింధుశాఖ శంఖాలకు పేరుపడ్డ చోటు. సుమారు 10 నుంచి 20 మీటర్ల లోతున, ఇసుక నేల మీద ఉంటాయి. ఆ ఇసుకలోని పురుగులే వాటి తిండి. అభిషేకంలో నీళ్లు ధారగా జారే గాడిని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? బతికున్నప్పుడు నత్త ఆ గాడిలోంచే గొట్టం చాచి నీరు పీల్చుకుంటుంది. మనం ఊదే రంధ్రం మాత్రం దానికి పుట్టుకతో లేదు. అవతలి కొస, అంటే శిఖరాన్ని కోసి చేసినది.

అపోహ: చెవి దగ్గర పెడితే సముద్రపు హోరు వినిపిస్తుంది.

చుట్టూ ఉన్న చప్పుళ్లే లోపల మారుమోగుతాయి. విజయవాడ బెంజి సర్కిల్‌లో నిలబడి ఖాళీ గ్లాసు చెవికి ఆనించుకున్నా వినిపిస్తుంది.

అపోహ: కుడివైపు తెరుచుకుంటే దక్షిణావర్తమే.

మేము శిఖరం పైకి పెట్టి చూస్తాం, పూజలో గాడి కొస పైకి పెట్టి చూస్తారు. అందుకే మామూలు శంఖాన్ని నేను కుడి అంటే పురోహితులు వామావర్తం అంటారు. ఇద్దరి మాటా ఒప్పే. అదే జాతిలో తిరగబడి పెరిగినది బహు అరుదు, అసలు దక్షిణావర్తం అదే. మార్కెట్లో ఆ పేరుతో తిరిగేవాటిలో అమెరికా తీరపు నత్త గుల్లలున్నాయి. ఆ జాతిలో దాదాపు అన్నీ పుట్టుకతోనే అటు తిరిగి ఉంటాయి, అరుదేమీ కాదు. టెక్సాస్ రాష్ట్రం 1987లో దాన్ని తన రాష్ట్ర గుల్లగా ప్రకటించుకుంది.

పరీక్షకు వేలు చాలు. గుల్ల నోట్లో వేలు పెట్టి నడిమి స్తంభాన్ని తడమండి. మన శంఖమైతే మూడు నాలుగు మడతలు పొలం గట్లలా వరసగా తగులుతాయి.

మొన్న ఒక పెద్దాయన పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు. వన్‌టౌన్‌లో కొన్నారట, ధర చెప్పడానికి ఇష్టపడలేదు. ఆయన వేలినే లోపల పెట్టించాను.

"నున్నగా ఉందండీ మాస్టారూ."

విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ గుడ్డలో చుట్టుకుంటూ, "పోనీలెండి, అంత దూరం నుంచి మా ఇంటికొచ్చింది, ఉండనిద్దాం" అన్నారు.