కట్నం పోయి ఫ్లాట్ వచ్చింది: గ్రీకు కుటుంబం మారిన తీరు

గ్రీస్‌లో 1983 వరకు ఆడపిల్లకు కట్నం ఇవ్వడం ఆచారమే కాదు, చట్టం తండ్రి మీద పెట్టిన బాధ్యత కూడా. 1946లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం ఇంటి పెద్ద భర్తే. పిల్లల మీద అధికారం తండ్రిదే. భార్య తెచ్చిన కట్నం మీద పెత్తనం కూడా మగాడిదే. పెళ్లికి ముందు నోటరీ దగ్గర పత్రం రాసుకునేవారు. అందులో దుప్పట్లు, దిండు గలేబులు, ఆలివ్ చెట్లు, పొలం ముక్క, అన్నీ లెక్కగా ఉండేవి. చాలా పల్లెల్లో అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యేదాకా అన్నదమ్ములు తమ పెళ్లి మాట ఎత్తేవారు కాదు. వాళ్ల కట్నం కోసం ఓడలెక్కిన వాళ్లున్నారు, జర్మనీ ఫ్యాక్టరీలకు వెళ్లిన వాళ్లున్నారు. తల్లిదండ్రులిద్దరూ జర్మనీ వెళ్లిన ఇళ్లలో ఎందరో పిల్లలు అమ్మమ్మ, నానమ్మల దగ్గరే పెరిగారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం రాజధాని ఏథెన్స్‌కు తరలివచ్చాక కట్నం రూపం మారింది. సొంత స్థలం ఉన్నవాళ్లు దాన్ని బిల్డర్‌కు ఇచ్చి, కట్టిన అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఫ్లాట్లు వాటాగా తీసుకునేవారు. దీన్ని అక్కడ ‘అంటిపరోహి’ అంటారు. అలా వచ్చిన ఫ్లాట్లలో ఒకటి కూతురిది. అమ్మ పై అంతస్తులో, కూతురు కింద. ఇవాళ్టికీ గ్రీకు కుటుంబాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ మెట్ల దారి చూడాలని నా అభిప్రాయం.

ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1952లోనే వచ్చినా, ఇంట్లో సమానత్వం రావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. సైనిక పాలన పోయాక వచ్చిన 1975 రాజ్యాంగం స్త్రీ పురుషులు సమానమని చెప్పి, దానికి విరుద్ధంగా ఉన్న చట్టాలను మార్చడానికి 1982 చివరి దాకా గడువు పెట్టింది. మహిళా సంఘాలు గట్టిగా ఒత్తిడి తెచ్చాయి. 1982లో సివిల్ పెళ్లికి, అంటే చర్చితో పనిలేకుండా చేసుకునే పెళ్లికి, గుర్తింపు వచ్చింది. చర్చి ఒప్పుకోకపోవడంతో మతపరమైన పెళ్లి కూడా సమానంగా చెల్లుతుందని సర్దుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన 1329 నంబరు చట్టం కట్నాన్ని రద్దు చేసింది, భర్త పెద్దరికాన్ని తీసేసింది, పెళ్లయినా స్త్రీ పుట్టింటి పేరే ఉంచుకోవాలంది. పరస్పర అంగీకారంతో విడాకులు కూడా తీసుకోవచ్చు.

అయితే అదే చట్టం, తల్లిదండ్రులు పిల్లలకు జీవితంలో నిలదొక్కుకోవడానికి ఇచ్చే ఆస్తికి చోటిచ్చింది. కొడుకైనా, కూతురైనా తేడా లేదు. కట్నంలోని అవమానం పోయింది, ఫ్లాటు మాత్రం అలాగే ఉండిపోయింది. దీన్ని నేను తప్పుపట్టను. ప్రభుత్వం చేయాల్సిన పని కుటుంబమే చేసింది. శిశు సంరక్షణ కేంద్రాలు చాలని చోట నానమ్మే కేంద్రం. ఆ భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడిందన్నది మాత్రం నిజం.

2010 తర్వాత ఆర్థిక సంక్షోభంలో ఈ ఏర్పాటు ఎంత కీలకమో తెలిసింది. 2013లో యువతలో నిరుద్యోగం 50 శాతం దాటింది. 30 ఏళ్లు వచ్చినా అమ్మానాన్నల ఇంట్లోనే ఉండాల్సిన పరిస్థితి. కొన్ని ఇళ్లకు తాత పెన్షనే ఆధారం. ఆ పెన్షన్లకూ కోతలు పడ్డాయి. 2012లో రిటైర్మెంట్ వయసును 67కి పెంచారు. ఇక మీదట మనవళ్లను చూసుకోవాల్సిన చాలామంది నానమ్మలు ఆ వేళకి ఇంకా ఉద్యోగంలోనే ఉంటారు. చూసుకోవాల్సిన మనవళ్లూ తగ్గిపోతున్నారు: 2022లో దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలు 80 వేలలోపే.