తాతమ్మ వయసెంత?

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నికీ తాతయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం కులాసా.

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకటే గొడవ. తాతమ్మ పెద్దకర్మ కార్డులో 97 ఏళ్ళని వేశారు, ఆధార్ చూసి లెక్కేస్తే 93 వస్తోంది, ఏది కరెక్టు అని. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

2011లో ఆధార్ తీయించడానికి మీ నాన్నే తాతమ్మని తీసుకెళ్ళాడు. కంప్యూటర్ ముందున్న అబ్బాయి "వయసెంత మామ్మగారూ?" అనడిగితే, "ఎనభై ఉంటాయేమో, వేసుకో నాయనా" అంది. ఆ అబ్బాయి 2011లోంచి 80 తీసేసి 1931 అని కొట్టాడు. అంతే. పుట్టిన తేదీ కాగితాలు లేని పెద్దవాళ్ళు చాలామందికి ఆధార్‌లో వయసు ఇలాగే పడింది. తాతమ్మకి వయసు దాచుకునే సరదా ఏం లేదు. చిల్లర లెక్కలు ఎందుకని రౌండుగా ఎనభై అంది.

మరి 97 ఎలా వచ్చిందంటే, తాతమ్మ తను ప్రభవ నామ సంవత్సరం వైశాఖంలో పుట్టానని ఎప్పుడూ చెప్పేది. మన తెలుగు సంవత్సరాలు మొత్తం 60. ప్రభవ మొదటిది, అక్షయ ఆఖరిది, అక్కడితో అయిపోయి మళ్ళీ ప్రభవ వస్తుంది. తాతమ్మ పుట్టిన ప్రభవ 1927లో వచ్చింది. ఒక చుట్టు తిరిగి 1987లో మళ్ళీ వచ్చింది. ఆవిడ పోయింది క్రోధిలో, అంటే 2024 చివర్లో. క్రోధి వరసలో 38వది. ఒక చుట్టుకి 60, పైన 37, మొత్తం 97. ఇందులో ఒక్కటే ఇబ్బంది, ఏ చుట్టులో ప్రభవో చెప్పకపోతే 60 ఏళ్ళు అటూ ఇటూ అయిపోతాయి. కానీ 1867లో పుట్టినావిడ మొన్నటిదాకా మాగాయ తిన్నదంటే ఎవరు నమ్ముతారు!

పిల్లల వయసులకి ఆవిడ దగ్గర వేరే గుర్తులుండేవి. గాంధీగారు పోయినప్పుడు మా అక్కయ్య కడుపులో ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, అంటే 1953లో, నేను. బెజవాడలో పాత ఆనకట్ట బదులు కొత్త బ్యారేజీ తెరిచిన ఏడు, 1957లో, మా తమ్ముడు. మాది దివిసీమ కదా, కాలవ నీళ్ళ మీద బతికే ఊరు. బ్యారేజీ గుర్తుండకుండా ఎలా ఉంటుంది?

వీటన్నిటికంటే పెద్ద గుర్తు తుఫాను. 1977 నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. సముద్రం పొంగి ఊళ్ళ మీద పడింది. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది దాకా. మా ఊరు సముద్రానికి కాస్త ఎడంగా ఉండబట్టి ఉప్పెన రాలేదు గానీ, గాలికి పెంకులన్నీ లేచిపోయాయి. మా అమ్మ అందర్నీ వెనక గదిలోకి నెట్టి, తలుపుకి ధాన్యం బస్తాలు అడ్డం వేయించి, తెల్లారేదాకా వాటి మీదే కూర్చుంది. అప్పటికి ఆవిడకి యాభై. వాళ్ళ నాన్న పురుళ్ళ వివరాలు రాసుకున్న పాత పంచాంగం చూరులో దోపి ఉండేది, అది ఆ రాత్రే పోయింది. అప్పట్నుంచి పుట్టుకలన్నీ ఆవిడ నోటి లెక్కే.

మర్నాటి నుంచి సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు కట్టుబట్టలతో వచ్చేవారు. ఇంట్లో ధాన్యం తడిసి మొలకలొచ్చింది, వాసన వేస్తోంది. ఎండబెడదామంటే ఎండ లేదు. అమ్మ ఆ ధాన్యాన్ని కొంచెం కొంచెంగా మంగలంలో వేయించి, ఆరబోసి, రోట్లో దంచి, ఆ నూకలతో జావ కాచేది. పొయ్యి దగ్గర పొగకి కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. వచ్చినవాళ్ళది ఏ ఊరని అడిగేది, ఇంట్లో ఎంతమంది మిగిలారని మాత్రం అడగనిచ్చేది కాదు, మమ్మల్ని కూడా.

కాబట్టి పెద్దోడా, స్కూల్లో ఫ్యామిలీ ట్రీ గీయమన్నారన్నావుగా, తాతమ్మ పేరు కింద 1927 అని వెయ్యి. టీచర్ ఆధార్ అడిగితే ఈ ఉత్తరం చూపించు.

ఇంకో సంగతి. నేను పుట్టింది విజయ నామ సంవత్సరంలో. 60 ఏళ్ళకి, 2013లో, మళ్ళీ వచ్చిన విజయలో నువ్వు పుట్టావు. చిన్నిది దుర్ముఖి, 2016. ఆ పేరు చూసి ఏడిపించావంటే మాత్రం ఊరుకోను.